లివర్ మార్చినా తాగుడు మానకపోతే ముప్పే.. జన్యువులు ఏం చెబుతున్నాయి?

హైదరాబాద్: షూటింగ్ ప్యాకప్ అయ్యాక కృష్ణానగర్‌లో కూర్చున్నా, జూబ్లీహిల్స్ బంగళాలో కూర్చున్నా, మందు దగ్గర వినిపించే మాట ఒక్కటే. "వాడు ఇరవై ఏళ్లుగా తాగుతున్నాడు, వాడికేం కాలేదు. నాకేమవుతుంది?" ఈ ధీమాతోనే చాలామంది లివర్ పాడైపోయాక ఆసుపత్రి మెట్లెక్కుతున్నారు. ఒకేలా తాగే ఇద్దరిలో ఒకరికే లివర్ ఎందుకు గట్టిపడుతుంది? తాగే మోతాదు, ఊబకాయం, షుగర్, హెపటైటిస్ వైరస్‌లతో పాటు పుట్టుకతో వచ్చే జన్యువులు కూడా కారణమే.

ఏమిటా జన్యువు?

వీటిలో ముఖ్యమైనది పీఎన్‌పీఎల్‌ఏ3. ఇందులోని ఒక చిన్న మార్పుకు, లివర్‌లో కొవ్వు పేరుకోవడానికి సంబంధం ఉందని 2008లో అమెరికాలోని డల్లాస్ పరిశోధకులు గుర్తించారు. మారిన ప్రోటీన్ కొవ్వు బిందువులపై పేరుకుపోయి, ఆ కొవ్వు కరగకుండా అడ్డుపడుతుంది. దానికి మద్యం తోడైతే నష్టం వేగంగా జరుగుతుంది. తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా ఈ మార్పు వచ్చినవారు తాగితే, అది లేని తాగుబోతులతో పోలిస్తే సిర్రోసిస్ ముప్పు సుమారు మూడు రెట్లు ఎక్కువ. మన దేశంలో కూడా ఇది అరుదేమీ కాదు. మరోవైపు హెచ్‌ఎస్‌డీ17బీ13 అనే జన్యువులోని ఒక మార్పు లివర్‌కు కొంత రక్షణ ఇస్తుందని 2018లో తేలింది. అయితే మనకు ఏది వచ్చిందో ముఖం చూసి ఎవరూ చెప్పలేరు.

ఒక ఒంట్లో ఇద్దరి జన్యువులు

మార్పిడి తర్వాత ఒక విచిత్రం జరుగుతుంది. కొత్త లివర్‌లో ఉండేవి దాత జన్యువులు. మిగతా ఒళ్లంతా రోగివే. అందుకే ఆపరేషన్ తర్వాత ఫలితంపై ఇద్దరి జన్యువుల ప్రభావమూ ఉంటుంది.

కొత్త లివర్‌లో మళ్లీ కొవ్వు చేరడానికి దాత పీఎన్‌పీఎల్‌ఏ3 కారణమని కొన్ని అధ్యయనాలు, రోగి జన్యువుకూ పాత్ర ఉందని మరికొన్ని చెబుతున్నాయి. ఈ చర్చ ఇంకా తేలలేదు.

మందుల విషయంలో మాత్రం స్పష్టత ఉంది. శరీరం కొత్త లివర్‌ను తిరస్కరించకుండా టాక్రోలిమస్ అనే మాత్ర ఇస్తారు. సీవైపీ3ఏ5 అనే జన్యువు చురుగ్గా ఉన్నవారిలో ఈ మందు త్వరగా ఖర్చైపోతుంది. వాళ్లకు మామూలు కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్ల మోతాదు అవసరం కావచ్చు. ఈ మందును రోగి పేగులు, దాత లివర్ రెండూ విరగ్గొడతాయి కాబట్టి ఇద్దరి జన్యువులూ లెక్కలోకి వస్తాయి. రక్తంలో మందు స్థాయిని పదేపదే పరీక్షించేది అందుకే. "పక్క బెడ్ ఆయనకు రెండు మాత్రలే, నాకెందుకు నాలుగు?" అని మోతాదు తగ్గించుకుంటే లివర్‌కే ప్రమాదం.

ఇచ్చేది ఇంట్లోవాళ్లే

మన దేశంలో ఎక్కువ మార్పిడులు బతికున్న దాతలతోనే జరుగుతున్నాయి. తాగి లివర్ పోగొట్టుకున్న మనిషికి తరచుగా భార్యో, కొడుకో, కూతురో తన లివర్‌లో ముక్క ఇస్తారు. "జీన్స్ కలవాలా?" అని చాలామంది అడుగుతారు. కిడ్నీకి చూసినట్టు ఇక్కడ కణజాలం కలవడం తప్పనిసరి కాదు. బ్లడ్ గ్రూప్, లివర్ సైజు, అందులోని కొవ్వు ముఖ్యం. తండ్రి జన్యువుల్లో సగం పిల్లలకు వస్తాయి కాబట్టి, కొవ్వు పెంచే జన్యువు కొడుక్కీ ఉండొచ్చు. దాత లివర్‌లో కొవ్వు ఎక్కువుంటే బరువు తగ్గి రమ్మంటారు, లేదంటే వద్దంటారు. దానం చేశాక మిగిలిన లివర్ కొన్ని వారాలు, నెలల్లో పెరుగుతుంది. అయినా అది పెద్ద ఆపరేషనే, దాతకూ రిస్క్ ఉంటుంది.

ఫిల్మ్‌నగర్ పక్కనే 1988 నుంచి అపోలో ఆసుపత్రి ఉంది. కానీ లైట్‌మన్‌కు, జూనియర్ ఆర్టిస్టుకు కార్పొరేట్ బిల్లు భారమే. ఉస్మానియా, నిమ్స్ దవాఖానాల్లో ఆరోగ్యశ్రీ కింద కూడా లివర్ మార్పిడులు చేస్తున్నారు. ఇంట్లో దాత లేకపోతే ఆసుపత్రి ద్వారా జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. బ్రెయిన్ డెడ్ అయినవారి అవయవాలను కేటాయించేది అదే.

జన్యు పరీక్ష చేయించుకోవాలా?

మార్పిడికి ముందు పీఎన్‌పీఎల్‌ఏ3 పరీక్ష అందరికీ చేయరు. ఆ జన్యువు ఉందని ఎవరికీ ఆపరేషన్ నిరాకరించరు కూడా. డాక్టర్లు ముందుగా చూసేది రోగి తాగుడు మానాడా, ఇంటివాళ్లు తోడున్నారా అన్నదే. చాలా చోట్ల ఆరు నెలలు మానేయాలని అడుగుతారు. ఆపరేషన్ లివర్‌ను మారుస్తుంది, తాగాలనే కోరికను మార్చదు. అందుకే సైకియాట్రిస్టు కౌన్సెలింగ్ మార్పిడి తర్వాత కూడా కొనసాగాలి. సిగరెట్ కూడా మానాలి.

జన్యువు తలరాత కాదు. అది ముప్పును పెంచుతుంది, తగ్గిస్తుంది, అంతే. గ్లాసు ఎత్తాలా వద్దా అన్నది మాత్రం మన చేతిలోనే ఉంది. ముక్క కోసి ఇచ్చిన భార్యకో, కొడుక్కో అంతకు మించి ఇవ్వగలిగేది ఏమీ లేదు.