ఇంట్లో నడిచిన ప్రోగ్రాం అక్కడ ఎందుకు నడవదు?

నేను మన ట్రస్టు ఉపకారవేతనంతో నాందేడ్‌లో ఇంజినీరింగ్ చదివినవాణ్ణి. 2022లో, మూడో సంవత్సరం ప్రాజెక్టులో నాకు తగిలిన ఎదురుదెబ్బ మీకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

నాందేడ్ మార్కెట్లో పసుపు ధరలను పోల్చి రైతు ఫోనుకు సందేశం పంపే చిన్న ప్రోగ్రాం రాశాను. రోజుకు ఒక్క నిమిషం పనికి సర్వరు అద్దెకు తీసుకోవడం దండగ. అందుకే అమెజాన్ 2014లో తెచ్చిన లాంబ్డా సేవను ఎంచుకున్నాను. ఇందులో సర్వరు లేదని కాదు; దాని ఆలనాపాలనా వారిది, కోడు మాత్రం మనది. నడిచినంతసేపటికే లెక్క.

లాప్‌టాప్‌లో ప్రోగ్రాం చక్కగా నడిచింది. పరీక్షకు ముందురోజు రాత్రి లాంబ్డాలోకి ఎక్కిస్తే ‘పాండాస్ అనే మాడ్యూల్ లేదు’ అంది. మరుసటి ఏడాది ఉపకారవేతనం ఆ మార్కుల మీదే ఆధారపడి ఉంది. తెల్లవారేదాకా కోడునే తిరగరాశాను. తప్పు కోడులో లేదని తర్వాత తెలిసింది.

పిల్లలు హాస్టలుకు వెళ్లేటప్పుడు అమ్మ ట్రంకుపెట్టె సర్దుతుంది. ఇంట్లో దుప్పటి ఉంది కదా అని ఊరికే వెళితే అక్కడ చలికి వణకాల్సిందే. లైబ్రరీలూ అంతే. లాప్‌టాప్‌లో మనం ఎప్పుడో ఎక్కించుకున్నవి లాంబ్డాలో ఉండవు. కోడుతో పాటు కట్టి పంపాలి. సర్దే పద్ధతి ఇది:

1. జాబితా: ‘రిక్వైర్‌మెంట్స్’ ఫైలులో ప్రతి లైబ్రరీ పేరు వెర్షన్ అంకెతో సహా రాయాలి. అంకె లేకపోతే రేపు కొత్త వెర్షన్ దిగి, నడిచేది ఆగవచ్చు.

2. అక్కడికి సరిపోయేవి: లాంబ్డా లినక్స్‌పై నడుస్తుంది. విండోస్ కోసం తయారైన నంపై అక్కడ పనిచేయదు. పిప్‌లో ‘ప్లాట్‌ఫాం’ ఆప్షన్ ఇచ్చి లినక్స్ ప్యాకేజీలే దించుకోవాలి. పైథాన్ వెర్షన్ కూడా కలవాలి. నా లాప్‌టాప్‌లో 3.10, అక్కడ 3.9. ప్రాసెసర్ ఎక్స్86 అయినా ఆర్మ్ అయినా దానికి తగినవే తీసుకోవాలి.

3. చోటు: జిప్ ఫైలు తెరవగానే కోడు, లైబ్రరీలు పక్కపక్కనే కనబడాలి. మరో ఫోల్డరు లోపల ఉంటే దొరకవు.

4. బరువు: జిప్ విప్పాక మొత్తం 250 ఎంబీ దాటకూడదు. అనవసరమైనవి తీసేయండి. తప్పనిసరైతే 10 జీబీ వరకు అనుమతించే కంటైనర్ పద్ధతి ఉంది.

అవసరానికి మించి ఎవరి మీదా ఆధారపడకపోవడమూ మంచిదే. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 వరుసల ప్యాకేజీని దాని రచయిత తొలగిస్తే, ప్రపంచమంతటా ఎన్నో ప్రాజెక్టుల పని నిలిచిపోయింది.

ఆ రోజు పరీక్షలో లాప్‌టాప్ మీదే చూపించాను. మార్కులు తగ్గాయి, ఉపకారవేతనం త్రుటిలో దక్కింది. అందుకే చెబుతున్నాను: ప్రాజెక్టు పూర్తయ్యాక కాదు, మొదటి రోజే ‘నమస్కారం’ అని మాత్రం చెప్పే చిన్న ప్రోగ్రామును, మీకు కావలసిన లైబ్రరీలతో సహా, పైకి ఎక్కించి చూడండి. ఏదైనా లోపం వస్తే కోడు ముట్టుకోకముందే లాగ్‌లో లోపం చూపే వరుస చదవండి. ఏ వస్తువు మరిచామో సాధారణంగా అక్కడే ఉంటుంది.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు తెర మీద ఎర్ర అక్షరాలు చూస్తూ గంటలు కూర్చుంటే కాలం వృథా చేస్తున్నారనుకోకండి. పెట్టెలో ఏం తక్కువైందో వెతుకుతున్నారని అర్థం.