స్థానం, వస్తువు, విన్యాసం: ఆస్తి నిర్వహణ సాఫ్ట్‌వేరులో పరికర నమూనాల నిర్మాణం – నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల ఉదాహరణలతో

కీలకపదాలు: ఆస్తి నిర్వహణ, పరికర విన్యాస నమూనా, స్థానం, ట్రాన్స్‌ఫార్మర్, ఎత్తిపోతల పథకం, రివర్సిబుల్ టర్బైన్

1. ప్రస్తావన

కృష్ణానది ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల దక్షిణపు అంచున లోతుగా ప్రవహిస్తుంది. సాగర్ ఎడమ కాలువ, జూరాల కాలువల కింది ఆయకట్టును మినహాయిస్తే, ఈ మెట్ట ప్రాంతంలో చాలా భాగానికి ఆ నీరు తనంత తానుగా పారి రాదు, యంత్రం ఎత్తిపోయాలి. అలిమినేటి మాధవరెడ్డి పథకానికి పుట్టంగండి, మహాత్మాగాంధీ కల్వకుర్తి పథకానికి ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు పంపుహౌసులు ఆ పని చేస్తాయి. అవి చేరని ఊళ్లలో బోరుబావి మోటారు, దానికి కరెంటు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ దిక్కు. ఇటువంటి చోట ఏ యంత్రం ఎక్కడ ఉంది, దానిలో ఏ భాగం ఎప్పుడు మారింది అన్న లెక్క కేవలం కార్యాలయ వ్యవహారం కాదు. పొట్టదశలో ఉన్న వరిపైరు దాని మీద ఆధారపడుతుంది.

ఆ లెక్కను కంప్యూటరులో నిలిపే ప్రక్రియలో మొదటి మెట్టు పరికర విన్యాస నమూనా. ఆంగ్లంలో కాన్ఫిగరేషన్ మోడల్ అనే దానికే ఇక్కడ ఈ పేరు. నమూనాను ఎలా కూర్చాలో, ఎక్కడ పొరపాటుకు అవకాశం ఉందో ఈ ప్రాంతపు యంత్రాలను ఉదాహరణగా తీసుకొని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆయా సంస్థలు వాడుతున్న సాఫ్ట్‌వేర్ల పరిశీలన దీని పరిధిలోకి రాదు.

2. జాబితాకూ నమూనాకూ భేదం

స్టాకు రిజిస్టరు ఏయే వస్తువులున్నాయో చెబుతుంది. నమూనా అంతకంటే భిన్నమైన ప్రశ్నకు జవాబిస్తుంది: ఒక యంత్రం సరిగా కూర్చబడి ఉన్నదని ఎప్పుడు అనవచ్చు? ఇందుకోసం యంత్రాన్ని ముందుగా స్థానాలుగా విడదీస్తారు. ఎల్లూరులో 30 మెగావాట్ల మోటారుతో నడిచే ఒక పంపును తీసుకుంటే పంపు, మోటారు, బేరింగులు, శీతలీకరణ వ్యవస్థ, నియంత్రణ ప్యానెల్ ఒక్కొక్కటి ఒక్కొక్క స్థానం. స్థానమంటే ఖాళీ గూడు వంటిది. దానిలో ఏ రకపు వస్తువు ఇమడవచ్చు, ఎన్ని ఉండాలి, ఏ వస్తువు పక్కన ఏది ఉండకూడదు అన్న నియమాలు నమూనాలో ఉంటాయి. క్రమసంఖ్య గల అసలు వస్తువు తరువాత వచ్చి ఆ గూటిలో చేరుతుంది.

ఈ విభజన ప్రధాన సాఫ్ట్‌వేర్లన్నిటిలోనూ ఏదో ఒక పేరుతో కనిపిస్తుంది. శాప్‌లో ఫంక్షనల్ లొకేషన్, ఎక్విప్‌మెంట్ అనీ, మాగ్జిమోలో లొకేషన్, అసెట్ అనీ వ్యవహారం. ఐఈసీ 81346 ప్రమాణం మరో అడుగు ముందుకు వేసి ప్రతి అంశాన్నీ మూడు కోణాలలో చూడమంటుంది: అది చేసే పని, అది ఉన్న చోటు, అది ఏ వస్తువు. మూడింటినీ ఒకే సంకేతంలో కుక్కకూడదన్నది దాని సారాంశం. విన్యాస నిర్వహణకు ఐఎస్‌ఓ 10007, ఆస్తి నిర్వహణ మొత్తానికి 2014లో వెలువడిన ఐఎస్‌ఓ 55000 మార్గదర్శకాలు.

3. కాలిన ట్రాన్స్‌ఫార్మర్ ఎవరి చరిత్ర?

ఈ భేదం ఎందుకు అవసరమో పంపుహౌసు కంటే పొలం గట్టు మీది ట్రాన్స్‌ఫార్మర్ స్పష్టంగా చూపుతుంది. 11 కేవీ లైను నుండి బోరుమోటార్లకు కరెంటు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే దానిని దించి మరమ్మతు కేంద్రానికి తరలిస్తారు. దాని చోట మరమ్మతై సిద్ధంగా ఉన్న మరొకదానిని ఎక్కిస్తారు. దించినది బాగుపడిన తరువాత పాత చోటుకే తిరిగి వస్తుందన్న నియమం లేదు. అది మరో ఊరి దిమ్మె మీదికి పోవచ్చు. అంటే స్థానం కదలదు, వస్తువు తిరుగుతూ ఉంటుంది.

ఒకే దిమ్మె మీద ఏడాదిలో మూడు ట్రాన్స్‌ఫార్మర్లు కాలాయనుకుందాం. మూడూ వేర్వేరు క్రమసంఖ్యలవి అయితే లోపం ఆ చోటులో ఉంది: మోటార్ల భారం ఎక్కువై ఉండవచ్చు, ఎర్తింగు సరిగా లేకపోవచ్చు. అక్కడ 25 కేవీఏ బదులు 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కావలసి ఉండవచ్చు. ఒకే క్రమసంఖ్య గల ట్రాన్స్‌ఫార్మర్ మూడు ఊళ్లలో కాలితే లోపం వైండింగులోనో మరమ్మతులోనో ఉంది. మొదటిదానికి మందు సామర్థ్యం పెంచడం, రెండవదానికి మందు ఆ వస్తువును తొలగించడం. కాలినవాటి సంఖ్య మాత్రమే రాసుకునే పద్ధతిలో ఈ రెండు రోగాలూ ఒకేలా కనబడతాయి. ఫలితంగా రైతుల మీద అధిక వాడకపు నింద పడవచ్చు, లేదా నాసిరకపు మరమ్మతు ఎవరి కంటా పడకుండా పోవచ్చు.

కాబట్టి బిగింపును స్వతంత్రమైన నమోదుగా ఉంచాలి: ఏ స్థానం, ఏ క్రమసంఖ్య, ఏ తేదీ నుండి, ఏ తేదీ వరకు. స్థానపు చరిత్రా, వస్తువు చరిత్రా ఈ ఒక్క పట్టిక నుండే పుడతాయి. పాత వరుసను చెరిపి కొత్త క్రమసంఖ్య రాసే అలవాటు ఈ రెండు చరిత్రలనూ ఒకేసారి చంపుతుంది.

గంటల లెక్క కూడా ఇటువంటిదే. ఒక పంపు స్థానపు మీటరు 12,400 గంటల వద్ద ఉండగా, అంతకుముందు మరోచోట 5,000 గంటలు పనిచేసిన మోటారును అక్కడ బిగించారనుకుందాం. మీటరు 13,000 చేరేనాటికి మోటారు వయస్సు 5,600 గంటలు, 13,000 కాదు. ఈ లెక్క దానంతటదే జరగాలంటే స్థానపు మీటరు నుండి వస్తువుకు గంటలు సంక్రమించే నియమం నమూనాలో ముందే రాసి ఉండాలి.

4. ఒకే కేంద్రం, రెండు నమూనాలు

నాగార్జునసాగర్ ప్రధాన జలవిద్యుత్ కేంద్రంలో 1978–1985 మధ్య ఎనిమిది యూనిట్లు వాడుకలోకి వచ్చాయి. పైకి ఎనిమిదీ ఒక వరుస. మొదటిది 110 మెగావాట్ల సాధారణ యూనిట్; తక్కిన ఏడు ఒక్కొక్కటి 100.8 మెగావాట్ల రివర్సిబుల్ యూనిట్లు, అంటే విద్యుత్తును ఉత్పత్తి చేయగలవు, తిరగబడి నీటిని వెనక్కి ఎక్కించనూ గలవు. మొత్తం 815.6 మెగావాట్లు. ఎనిమిదింటికీ ఒకే నమూనా వేయడం సులువే కాని, మొదటి యూనిట్‌లో లేని పంపింగు స్థితికి తనిఖీ పనులు పుట్టుకొస్తాయి. ఇక్కడ రెండు నమూనాలు తప్పవు.

తక్కిన ఏడింటిలోనూ ఒక చిక్కు ఉంది. నీటిని వెనక్కి ఎక్కించాలంటే ఆనకట్ట దిగువన నీరు నిలిచి ఉండాలి. ఆ టెయిల్‌పాండ్ యూనిట్లు వచ్చిన దశాబ్దాల తరువాత గాని పూర్తి కాలేదు. కనుక ఒకే యంత్రంలో ఉత్పత్తి గంటలూ పంపింగు గంటలూ ఒకే వేగంతో పెరగలేదు. రెండు దిశలలో తిరిగే యంత్రానికి ఒకే గంటల మీటరు పెడితే అరుగుదల లెక్క తప్పుతుంది. ఉత్పత్తి గంటలు, పంపింగు గంటలు, ప్రతి దిశలో ప్రారంభాల సంఖ్య వేరువేరు మీటర్లుగా ఉండాలి. ఏ భాగం ఏ మీటరును అనుసరించి అరుగుతుందో స్థానం వారీగా చెప్పాలి.

శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో ఇందుకు భిన్నంగా 150 మెగావాట్ల రివర్సిబుల్ యూనిట్లు ఆరు ఉన్నాయి. ఆరింటికీ ఒక నమూనా చాలుతుంది. 2020 ఆగస్టు 20 రాత్రి అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో తొమ్మిది మంది మరణించారు. ఆ తరువాత యూనిట్లు ఒకేసారి కాక వేర్వేరు కాలాలలో తిరిగి పనిలోకి వచ్చాయి. రూపకల్పనలో ఒకటిగా ఉన్న యంత్రాలు అప్పటి నుండి వేర్వేరు చరిత్రలు గలవి అవుతాయి. నమూనా ఉండవలసిన స్థితిని చెబుతుంది, వాస్తవ విన్యాసం ఉన్న స్థితిని చెబుతుంది. ఈ రెంటి మధ్య తేడాను ప్రతి యూనిట్‌కూ విడిగా చూపలేని సాఫ్ట్‌వేరు, భద్రతా పరికరం ఒకటి తాత్కాలికంగా తీసివేసి ఉన్నదన్న సంగతిని తరువాతి షిఫ్టుకు చెప్పలేదు.

5. మారే పేర్లు, మారని యంత్రాలు

స్థాన సంకేతంలో జిల్లా పేరును, సంస్థ పేరును చొప్పించే అలవాటు విస్తారంగా ఉంది. చదవడానికి బాగుంటుంది, నిలవదు. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో ఉమ్మడి నల్లగొండ నుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి ఏర్పడ్డాయి. ఉమ్మడి మహబూబ్‌నగర్ నుండి నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల ఏర్పడ్డాయి. నారాయణపేట 2019 ఫిబ్రవరి 17న వచ్చింది. మహబూబ్‌నగర్ అన్న ముద్రతో సంకేతం పొందిన కల్వకుర్తి పంపు అంగుళం కదలకుండానే నాగర్‌కర్నూలు జిల్లాకు చేరింది. విద్యుత్ రంగంలో సంస్థల పేర్లు ఇంకా ఎక్కువసార్లు మారాయి: 1999లో విద్యుత్ బోర్డు విడిపోయింది, 2014లో రాష్ట్రంతో పాటు సంస్థలూ వేరయ్యాయి.

జిల్లా, సర్కిల్, యాజమాన్యం వంటివి స్థానానికి తేదీలతో కూడిన లక్షణాలుగా ఉండాలి తప్ప దాని పేరులో భాగం కాకూడదు. జర్మనీ విద్యుత్ కేంద్రాలలో పుట్టిన కేకేఎస్ సంకేత పద్ధతి పని ఆధారంగా పేరు పెట్టడానికి కారణం ఇదే కోవకు చెందినది: యజమాని మారినా శీతలీకరణ పంపు శీతలీకరణ పంపే.

6. ఎంత లోతు, ఏ క్రమం

కొత్తగా నమూనాలు కూర్చేవారికి ఎదురయ్యే పెద్ద ఆకర్షణ ప్రతి బోల్టుకూ ఒక స్థానం ఇవ్వడం. అది అనవసరం. ఒక భాగాన్ని విడిగా తీసి మార్చి, దాని చరిత్రను విడిగా తెలుసుకోవలసిన అవసరం ఎంత వరకు ఉందో అంత లోతు చాలు. మోటారు బేరింగుకు స్థానం కావాలి. గ్యాస్కెట్‌కు అక్కరలేదు, అది విడిభాగాల పట్టికలో పరిమాణంగా ఉంటే సరిపోతుంది. నియంత్రణ గదిలోని బ్యాటరీల వంటివి చిన్నవిగా కనిపించినా, ఆపద సమయంలో రక్షణ వ్యవస్థ వాటి మీద నడుస్తుంది గనుక స్థానం పొందవలసినవే. ధర ఇక్కడ కొలమానం కాదు.

క్రమం విషయానికి వస్తే, తయారీదారు డ్రాయింగుల నుండి నమూనా గీసి, దానిని ఒక్క యూనిట్ మీద, యంత్రం పక్కన నిలబడి సరిచూడాలి. నేమ్‌ప్లేట్ మీద రంగు పూసి ఉండటం, మరమ్మతులో ప్లేటు మారిపోవడం సాధారణం. క్రమసంఖ్య చదవలేని వస్తువుకు తాత్కాలిక సంఖ్య ఇచ్చి ఆ సంగతిని రాయాలి గాని ఊహించి పూరించకూడదు. నియమాలను మొదటి రోజే నిరోధకాలుగా అమలు చేయడం కూడా మంచిది కాదు. వేసవి అర్ధరాత్రి దొరికిన ప్రత్యామ్నాయ మోటారును బిగించిన ఆపరేటరుకు సాఫ్ట్‌వేరు అనుమతి నిరాకరిస్తే, అతడు మోటారును విప్పడు. నమోదు చేయడం మానేస్తాడు. కొంతకాలం నియమభంగాన్ని హెచ్చరికగా చూపి, కారణం అడిగి నమోదు చేయనివ్వాలి. అలా పోగైన కారణాలను ఇంజనీర్లు చదివినప్పుడు, నియమమే తప్పుగా రాసిన చోట్లు కొన్ని బయటపడతాయి.