వానలెక్కయు చలరాశియు

అనంతపురము పీఠభూమిలో వానకు మించిన వార్త లేదు. నైరుతి ఋతుపవనములను పడమటి కనుమలు అడ్డగించుటచేతను, ఈశాన్య ఋతుపవనములు ఇంత దూరము వచ్చునప్పటికి బలహీనపడుటచేతను, ఉమ్మడి జిల్లాలో సాలీనా సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. పదును చాలకమునుపే వేరుసెనగ విత్తినచో విత్తనము నేలపాలగును. అట్టి వానలెక్కను నేడు కంప్యూటరుచే వేయింపవచ్చును. అందులకు ముందు చలరాశి యననేమో తెలిసికొందము.

చలరాశి యనగా ఒక విలువకు మనము పెట్టిన పేరు. 1991లో గైడో వాన్ రోసమ్ విడుదల చేసిన పైథాన్ అను స్క్రిప్టింగు భాషను తీసికొందము. 2008లో వెలువడిన మూడవ రూపము మొదలుకొని దీనిలో పేర్లను తెలుగు లిపిలోనే వ్రాయవచ్చును.

వాన = 12

అనినచో, వాన యను పేరు 12 అను విలువకు చెందును. మరునాడు వాన = 7 అని వ్రాసినచో, ఆ పేరు 12ను విడిచి 7ను పట్టుకొనును. నిన్నటి విలువ ఆ పేరుతో మరల దొరకదు. కనుక మరియొక పేరు కావలెను.

మొత్తం = మొత్తం + వాన

గణితపాఠములో ఇది పొసగని మాట. ఇచ్చట ఇది ఆజ్ఞ. కుడివైపు కూడిక ముందు జరిగి, దాని ఫలము ఎడమవైపు పేరునకు చెందును. అయితే మొదటనే మొత్తం = 0 అని వ్రాసియుండవలెను. లేనిచో ఆ పేరు తెలియదని చెప్పి యంత్రము ఆగిపోవును.

ఇక రెండు ప్రమాదములను గూర్చి మేము ప్రత్యేకముగా హెచ్చరింపదలచితిమి. మీటలు నొక్కి మనమందించిన అంకెలను పైథాన్ అక్షరములుగానే గ్రహించును. వాటిని సంఖ్యలుగా మార్చక కూడుమన్నచో, 12 ప్రక్కన 7ను చేర్చి 127 అనును. నిజమైన మొత్తము 19. యంత్రము ఏ తప్పును చూపదు; ఆ లెక్కను నమ్మి విత్తిన రైతు నష్టపోవును.

రెండవది సున్న. వాన కురియని దినమునకు 0 సరియైన విలువ. వర్షమాపకమును చూడని దినమునకు అది సరికాదు. దానికి 'నన్' అను వేరొక విలువ కలదు. దానిని సంఖ్యతో కూడుటకు పైథాన్ అంగీకరింపదు. అట్లు ఆగుటయే మేలు. మన వాతావరణశాఖ 2.5 మిల్లీమీటర్లు, అంతకు పైబడి కురిసిన దినమునే వర్షదినముగా లెక్కించును. చూడని దినములను సున్నలతో నింపినచో, కురిసిన వానయు లెక్కలో కరవుగా కనబడును.