ట్రాక్టరు వెనక్కి మళ్లేటప్పుడు

దమ్ము చేసే మడిలో ట్రాక్టరు ఎన్నిసార్లు ముందుకూ వెనక్కూ ఆడుతుందో గట్టు మీద నిలబడి చూసినవాళ్లకు తెలుసు. మూలదాకా పోవాలి, గట్టు తగలకముందే ఆగాలి, వెనక్కి రావాలి, మళ్లీ పోవాలి. ముందు డోజరు బిగించిన బండికైతే రోజంతా ఇదే పని. పాత ట్రాక్టరు కొనేవాళ్లు ఇంజను శబ్దం వింటారు, టైర్లు చూస్తారు. దిశ మార్చే షటిల్ లివర్‌ను మాత్రం ఒకసారి కదిపి వదిలేస్తారు. అది చెడితే చాలా బండ్లలో ట్రాక్టరును నడుముకు రెండుగా విడదీయాల్సిందే.

2,500 కిలోల ట్రాక్టరు గంటకు 7.2 కిలోమీటర్ల వేగంతో కదులుతుంటే అందులో 5,000 జౌళ్ల గతిశక్తి ఉంటుంది. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలు. దిశ మారాలంటే ముందు ఈ శక్తంతా ఎక్కడో ఒకచోట వేడిగా మారాలి. ఆ చోటేదో తెలిస్తే ఏ రకం షటిల్‌లో ఏది అరుగుతుందో తెలిసిపోతుంది.

పాత గేర్‌బాక్సుల్లో ఆ భారం బ్రేకులది. బండి పూర్తిగా ఆగాక క్లచ్ తొక్కి పళ్లలో పళ్లు కలపాలి. తొందరపడితే పళ్ల అంచులు రాలిపోతాయి. 1928లో ఎర్ల్ థాంప్సన్ రూపొందించిన సింక్రోమెష్ కాడిలాక్ కార్లలో వచ్చింది. పళ్లు కలిసేలోపే శంకువు ఆకారపు రాపిడి రింగు రెండు భాగాల వేగాన్నీ సమానం చేస్తుంది. ఆ ఉపాయమే తర్వాత ట్రాక్టర్లలో సింక్రో షటిల్ అయింది. అయితే ఈ రింగు షాఫ్టుల వేగం కలపడానికే సరిపోతుంది, బండిని ఆపే బలం దానికి లేదు. ఇక్కడా క్లచ్ తొక్కాలి, బండిని దాదాపు ఆపాలి. అలా చేయని డ్రైవరు చేతిలో నలిగిన బండిలో ముందు పోయేది ఈ రింగే.

క్లచ్ తొక్కే పనే లేకుండా గేరు మార్చాలని ఫోర్డ్ 1959లో సెలెక్ట్-ఓ-స్పీడ్ తెచ్చింది. ముందుకు 10 గేర్లు, వెనక్కి 2. తొలి బండ్లు తరచూ మొరాయించి పేరు పోగొట్టుకున్నాయి, ఆలోచన మాత్రం నిలిచింది. ఇప్పటి పవర్ షటిల్‌లో ఆయిల్‌లో మునిగిన రెండు ప్లేట్ల కట్టలు ఉంటాయి: ఒకటి ముందుకు, ఇంకొకటి వెనక్కి. ఆయిల్ ఒత్తిడి ఏ కట్టను బిగిస్తే బండి అటు కదులుతుంది. ఆ 5,000 జౌళ్లూ ఈ ప్లేట్ల మధ్యే వేడవుతాయి, ఆ వేడిని ఆయిల్ మోసుకుపోతుంది.

సింక్రో బండిని చూసేటప్పుడు, ఇంజను నడుస్తుండగా క్లచ్ పూర్తిగా తొక్కి, కొన్ని సెకన్లు ఆగి లివర్ మార్చండి. అప్పుడూ గరగరలాడితే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. ఆగి ఉన్నప్పుడు మెత్తగా పడి, నెమ్మదిగా కదులుతున్నప్పుడు గరగరలాడితే రింగును అనుమానించాలి. మొదటిది ఒక్కోసారి పెడల్ సర్దితేనే పోతుంది. రెండోదానికి గేర్‌బాక్సు విప్పాలి.

పవర్ షటిల్‌ను చల్లటి బండిలో పరీక్షించడం దండగ. ఆయిల్ వేడెక్కి పలచబడితేనే అరిగిన సీళ్ల పక్కనుంచి ఒత్తిడి జారిపోతుంది. కాసేపు పని చేయించి, చదును నేల మీద, ఎదురుగా ఎవరూ లేకుండా చూసి, పెద్ద గేరులో బ్రేకు కొద్దిగా పట్టి లాగించండి. ఇంజను మీద బరువు పడి గొంతు మారాలి. ఇంజను హాయిగా తిరుగుతూ బండి కదలకపోతే క్లచ్ జారుతున్నట్టు, వెంటనే ఆపేయండి. రివర్స్‌లోనూ ఇలాగే చూడండి. ఒకవైపే జారితే తప్పు ఎక్కువగా ఆ వైపు కట్టలోనే ఉంటుంది. రెండువైపులా జారితే పంపు ఒత్తిడి, ఫిల్టరు చూడాలి.

మన డెల్టా బండ్లకు ఇంకో పరీక్ష తప్పనిసరి. దమ్ములో నానిన బండి సీళ్లలోంచి నీళ్లు గేర్‌బాక్సులోకి దిగుతాయి, ఆయిల్ పాలరంగుకు మారుతుంది. నీరు చేరి ఎక్కువ రోజులైతే సింక్రో బండిలోనూ బేరింగులు తుప్పుపడతాయి. పవర్ షటిల్‌లో అంతకంటే నష్టం: చాలా ప్లేట్ల మీద ఉండే కాగితపు నార పూత నీటికి ఊడుతుంది. అలాంటి బండికి కొత్త ఆయిల్ పోసి ఇస్తామంటే ఒప్పుకోకండి. ప్లేట్లు, సీళ్లు, విప్పి బిగించే కూలీ ధరలోంచి తీసేశాకే బేరం మొదలుపెట్టండి.