కప్పగుడ్ల పాయసం

కిందటి సంక్రాంతికి మా ఇంటికి ఒక పెద్దమనిషి భోజనానికి వచ్చారు. మా ఆఫీసులోనే పనిచేసి రిటైరయినవారు. తండ్రిగారు డాక్టరు ఉద్యోగం మీద వెళ్ళడంచేత, 1960 ప్రాంతాల్లో చిన్నతరగతులు ఇంగ్లండులో చదువుకొన్నారు. మా ఆవిడ సగ్గుబియ్యం పాయసం వడ్డించగానే గిన్నెలోకి చూచి, "అమ్మా, ఇవి కప్పగుడ్లు గదూ!" అన్నారు. ఆవిడ చేతిలో గరిటె అలాగే నిలిచిపోయింది.

ఆయన నొచ్చుకొని సంగతి చెప్పారు. అక్కడి బడుల్లో మధ్యాహ్న భోజనం చివర పుడ్డింగు ఉండవలసిందే. సగ్గుబియ్యం పాలలో ఉడికించి పెడితే పిల్లలు దానికి పెట్టిన పేరది. ఒక్క ఆయన బడిలోనే కాదు, దేశమంతటా అదే పేరట. వారు టాపియోకా అనేదీ, మన సేలంలో తయారయ్యే సగ్గుబియ్యమూ కర్రపెండలం పిండే. బొంబాయి రవ్వనూ అలాగే ఉడికించి, నడుమ చెంచాడు ఎర్రని జాము వేసేవారు. పిల్లలు అది గులాబిరంగుకు వచ్చేదాకా కలపడమే గాని నోట పెట్టడం తక్కువ. పాలన్నం మీద గోధుమరంగు పొర కట్టేది. దానికోసం కొందరు కొట్టుకొనేవారు, కొందరు చూస్తేనే పారిపోయేవారు. పాలు, బియ్యం, రవ్వ, పంచదార - మనం దేవుడికి నైవేద్యం పెట్టే వస్తువులే గదా! లేనిదల్లా ఏలకులూ, నేతిలో వేగిన జీడిపప్పూను.

ఆవిరిమీద వండేవి వేరే జాతి. మైదాపిండిలో పశువుల మూత్రపిండాల చుట్టూ ఉండే గట్టి కొవ్వు తురిమి కలిపి, ఎండుద్రాక్ష వేసి ఉడికిస్తే 'స్పాటెడ్ డిక్'. ఆ పిండినే వత్తి, జాము రాసి, చాపలా చుట్టితే 'జామ్ రోలీ పోలీ'. పూర్వం దీన్ని పాత చొక్కా చేతిలో పెట్టి ఉడికించేవారు గనుక "చచ్చినవాడి చెయ్యి" అని ముద్దుపేరు. (ఇక్కడ మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.) వీటిమీద పచ్చని కస్టర్డు పోస్తారు. కోడిగుడ్డు పడని భార్యకోసం బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వర్తకుడు 1837లో కనిపెట్టిన పొడి అది. మనం పండ్లముక్కలమీద పోసుకొనేదీ ఆ సంతతే.

ఈ భోజనాలు వేడుకకు పుట్టినవి కావు. బోయర్ యుద్ధానికి సైన్యంలో చేరవచ్చిన బీద యువకులు అనేకులు ఒంట్లో సత్తువ లేక పనికిరాకపోయేసరికి దొరతనానికి కళ్ళు తెరిపిడి పడ్డాయి. 1906లో బడిపిల్లలకు అన్నం పెట్టడానికి స్థానిక సంస్థలకు అధికారమిచ్చారు. 1944 చట్టం దాన్ని విధిగా చేసింది. యుద్ధకాలపు పంచదార రేషను 1953దాకా సాగింది. ఇంట్లో చక్కెర కొలిచి వాడుకొనే పిల్లలకు బడిలో వేడివేడి తీపి! కొందరికి ఆ పూట తిండే అసలు తిండి. 1980 చట్టంతో ఆ విధి చాలామట్టుకు సడలిపోయి, బడుల్లో చిప్సూ బర్గర్లూ పెరిగాయి.

"పళ్ళెం ఖాళీ చేస్తేగాని బల్లదగ్గరనుంచి లేవనిచ్చేవారు కాదు," అన్నారాయన. "ఒకనాడు గంట కొట్టేశారు. అందరూ వెళ్ళిపోయారు. కప్పగుడ్ల ముందు నేనొక్కణ్ణే. వడ్డించే ఆవిడ వచ్చి, అటూ ఇటూ చూచి, మాటాడకుండా పళ్ళెం తీసికొనిపోయింది. టీచర్ల ముఖాలు ఒక్కటీ జ్ఞాపకం లేదండీ. ఆవిడ ముఖం మాత్రం ఉంది."

మా ఆవిడ మరో గరిటె పాయసం తెచ్చింది. ఆయన వద్దనలేదు.