అవ్వకు కొర్రన్నం మేలే, పిల్లికి కాదు!

నంద్యాల, ఆళ్లగడ్డ : చక్కెర వ్యాధి మనుషులకే వస్తుందనుకుంటే పొరపాటు. ఇంట్లో పెరిగే పిల్లులకూ వస్తుంది. అలా వచ్చినప్పుడు పిల్లికి ఏం పెట్టాలన్న దగ్గరే ఇంటిల్లిపాదికీ చిక్కు వచ్చిపడుతుంది. ఇంట్లో అవ్వకో తాతకో అప్పటికే షుగరు ఉంటే, వాళ్ల పథ్యమే పిల్లికీ పెడదామనుకోవడం సహజం. వరి అన్నం మాన్పించి, కొర్రన్నంలో ఇంత మజ్జిగ కలిపి ముందు పెడతారు. పెట్టే మనసు మంచిదే గాని, ఆ మేత పిల్లికి మంచిది కాదు.

కొర్ర ఈ ప్రాంతానికి కొత్త పంటేమీ కాదు. 1906లో మొదలైన నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన 'సూర్యనంది' కొర్ర రకం రైతులకు తెలిసిందే. కొర్రలో పీచు ఎక్కువ, నిదానంగా అరుగుతుంది. అందుకని షుగరున్న మనిషికి తెల్లన్నం కంటే నయం. పిల్లి విషయానికొస్తే కొర్రయినా, సోనా బియ్యమైనా, జొన్నరొట్టె అయినా అంతా పిండి పదార్థమే.

పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. అది ఎలుకనో పిట్టనో పట్టి తింటే ఒంటికి అందే శక్తిలో సగం మాంసకృత్తుల నుంచి వస్తుంది, మిగతాది దాదాపు అంతా కొవ్వు నుంచి వస్తుంది. పిండి పదార్థం వాటా నూటికి రెండు పాళ్లకు మించదు. అసలు పిల్లి నాలుకకు తీపి తెలియదు. తీపిని పసిగట్టే జన్యువు దానిలో పనిచేయడం లేదని 2005లో శాస్త్రజ్ఞులు తేల్చారు. పాలగిన్నె చుట్టూ అది తిరిగేది వెన్న కోసమే.

కె.సి. కెనాల్ కింద వరి పండే ఊళ్లలో పిల్లికి పాలన్నం, పెరుగన్నం పెట్టడం తరాల నాటి అలవాటు. రైసుమిల్లులో, వడ్ల గాదె దగ్గర ఎలుకలు పట్టుకునే పిల్లికి అన్నంతో పెద్దగా నష్టం లేదు. దానికి కావలసింది అది వేటాడి తెచ్చుకుంటుంది. తలుపులు మూసిన మిద్దె ఇంట్లో మూడు పూటలా అన్నం తిని పడుకునే పిల్లి సంగతి వేరు. ఈ జబ్బు ఎక్కువగా కనిపించేది వయసు మళ్లిన పిల్లులలో, లావెక్కిన వాటిలో, వట్టలు తీయించిన మగపిల్లులలో.

జబ్బు గుర్తులు ఇంట్లో వాళ్లకే ముందు తెలుస్తాయి. నీళ్లగిన్నె మాటిమాటికీ ఖాళీ అవుతుంది. మూత్రం పెరుగుతుంది. ఆబగా తింటూనే చిక్కిపోతుంది. ముదిరితే వెనక కాళ్ల మడమలు నేలకు ఆనించి నడుస్తుంది, అటక మీదికి ఎగరలేదు. అయితే మూత్రపిండాల జబ్బులోనూ దాహం ఎక్కువే, కనుక దాహం ఒక్కదాన్నీ చూసి నిర్ణయానికి రాకూడదు. పశువుల ఆస్పత్రిలో రక్తం, మూత్రం రెండూ చూపించాలి. బెదిరిన పిల్లికి జబ్బు లేకపోయినా రక్తంలో చక్కెర పెరుగుతుంది మరి.

ఇక మేత. ఉప్పు, కారం, మసాలా వేయకుండా ఉడికించిన కోడిమాంసం, ఎముక తీసిన ఉడికిన చేప, ఉడికిన గుడ్డు పిల్లి ఒంటికి సరిపోయే తిండి. కూరలో ముక్క కడిగి పెడితే సరిపోతుందని అనుకోరాదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తాన్ని పాడు చేస్తాయి. మాంసం ఉడికిన నీళ్లను పారబోయకూడదు. పిల్లి గుండెకు, కళ్లకు అవసరమైన టారిన్ అనే పదార్థం ఆ నీళ్లలోకే దిగుతుంది. నాలుగు కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 కేలరీలు చాలు. ఒక గుడ్డులో 70 దాకా ఉంటాయి. నెలల తరబడి ఒట్టి మాంసమే పెడితే సున్నం లోపించి ఎముకలు బలహీనపడతాయి, కాబట్టి ఏం కలపాలో వైద్యుణ్ణి అడగాలి.

డబ్బా మేత కొనేవారు ఒక చిన్న లెక్క నేర్చుకోవాలి. అట్ట మీద పిండి పదార్థం ఎంతో సాధారణంగా వేయరు. మాంసకృత్తులు, కొవ్వు, పీచు, తేమ, బూడిద కలిపి నూటిలోంచి తీసేస్తే మిగిలేదే పిండి. ఉదాహరణకు ఎండు గుళికల్లో అవి వరుసగా 32, 10, 4, 10, 8 ఉంటే, మొత్తం 64. అంటే పిండి 36 పాళ్లు! తడి మేతలో తేమే 80 ఉండి, మిగతావన్నీ కలిసి 18 అయితే, పిండి రెండే. మధుమేహం ఉన్న పిల్లికి ఈ రెండోదే తగినది. మాంసం గడప దాటని ఇళ్లలో కూడా తడి మేత డబ్బా తప్ప వేరే దారి కనిపించదు. ఆ ఇంటి ఆచారం పిల్లి కడుపుకు తెలియదు కదా.

మేత ఒక్కరోజులో మార్చకూడదు. ఇన్సులిన్ సూది వేసుకుంటున్న పిల్లికి పిండి తగ్గిస్తే మందు అవసరమూ తగ్గుతుంది. మోతాదు తగ్గించకపోతే చక్కెర పడిపోయి పిల్లి తూలుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. అప్పుడు తేనెనో చక్కెర పాకాన్నో చిగుళ్లకు రాసి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. సూది సాధారణంగా పన్నెండు గంటలకొకసారి, మేత వేళకే వేస్తారు. ఆ పూట తినకపోతే వైద్యుణ్ణి అడగకుండా సూది వేయరాదు. ఇంట్లో పెద్దల సిరంజీ వాడేవారు ఎర్ర మూతది 40 యూనిట్లదని, నారింజ రంగు మూతది 100 యూనిట్లదని గుర్తుంచుకోవాలి. ఒకదానికి బదులు మరొకటి వాడితే ప్రాణం మీదికి వస్తుంది. పెద్దల షుగరు మాత్రలు సొంతంగా వేయనే కూడదు. లావు తగ్గాలని పస్తు పెట్టడమూ ప్రమాదమే. కొన్ని రోజులు తినకపోతే లావు పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం పోవచ్చు.

తొలిదశలోనే పట్టుకుని, సూదితోపాటు మేత సరిచేస్తే కొన్ని పిల్లులకు కొన్నాళ్లకు సూది అవసరమే ఉండదు. అలా కోలుకున్న పిల్లికి మళ్లీ పెరుగన్నం మొదలుపెడితే జబ్బు తిరగబెట్టే అవకాశముంది. అందుకే నీళ్లగిన్నెను రోజూ ఒకే గ్లాసుతో కొలిచి నింపడం అలవాటు చేసుకోవాలి. ఒకటికి రెండు గ్లాసులు ఖాళీ అయిన రోజున పిల్లిని సంచిలో వేసుకుని ఆస్పత్రికి బయలుదేరవచ్చు.