లినక్స్ కంప్యూటరులో ప్యాకేజీల ఆలస్యము

1991వ సంవత్సరమున ఫిన్లండు దేశములో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్, నేడు ఎల్లరును ఉచితముగా పొందదగిన కంప్యూటరు వ్యవస్థ. దానిపై 1993లో డెబియన్, 2004లో ఉబుంటు వెలసినవి. వీనిలో సాఫ్ట్‌వేరు ప్యాకేజీలను మూటలుగా వచ్చును. వానిని తెచ్చి అమర్చు సాధనము పేరు ఆప్ట్.

ఈ పని ఒక్కొక్కప్పుడు గంటలకొలది సాగును. అంతట కొందఱు విసిగి నడుమనే విద్యుత్తు తీసివేయుదురు. అమరిక సగములో నిలిచి, కంప్యూటరు మరల ప్రారంభము కాకపోవచ్చును. మఱికొందఱు రక్షణకై వచ్చు సవరణలనే మానివేయుదురు. అది తలుపు తెఱచి నిద్రించుట వంటిది. కావున ఆలస్యము ఎచ్చట గలుగుచున్నదో ముందు తెలిసికొనవలయును.

ధాన్యపు బండి త్రోవలో నిలిచిపోవుట యొకటి. ఇంటికి చేరిన ధాన్యమును గాదెలో పోయుట ఆలస్యమగుట మఱియొకటి. ఇచ్చటను అంతే. తెరపై 'గెట్' అను పంక్తులు వచ్చుచున్నచో ప్యాకేజీలు ఇంకను త్రోవలో నున్నవి. అవి చేరగానే, ఎంత సరకు ఎంతసేపటిలో ఏ వేగముతో వచ్చినదో ఆప్ట్ ఒక పంక్తిలో తెలుపును. 'అన్‌ప్యాకింగ్', 'సెట్టింగ్ అప్' అనునవి గాదె పనికి గుర్తులు.

త్రోవలో ఆలస్యమైనచో మిర్రరును మార్చవలయును. మిర్రరులనగా ఒకే భాండాగారమునకు వివిధ దేశములలో నున్న నకళ్లు. వానిలో సమీపమున నున్నదానిని ఎన్నుకొనుట మేలు. నకిలీ సరకు వచ్చునేమో యను భయము వలదు. ప్యాకేజీల పట్టికకు డిజిటల్ సంతకము గలదు. ఆప్ట్ దానిని సరిచూచియే అంగీకరించును. మిర్రరు మార్చినను ఆరంభముననే నిలిచిపోవుచున్నచో, ఐపీవీ4 త్రోవనే వాడుమని ఆప్ట్‌నకు చెప్పి చూడవలయును. వేగము కలిగినచో లోపము ఐపీవీ6 త్రోవలో నున్నదని తేలును.

గాదెలో ఆలస్యమైనచో డిస్కును చూడవలయును. ఫైళ్లు డిస్కుపై నిజముగా చేరినవని నిశ్చయించుకొనుచు డీపీకేజీ అను సాధనము వ్రాయును. పళ్లెములు తిరుగు పాత హార్డుడిస్కుపై ఇది మెల్లగను, ఎస్ఎస్‌డీపై త్వరగను జరుగును. డిస్కు నిండినదేమో, ర్యామ్ చాలదేమో కూడ పరీక్షింపవలయును. కెర్నెలు మారునప్పుడు కొన్ని నిమిషములు అధికముగా పట్టుట దోషము కాదు.

'లాక్' కొరకు వేచియున్నట్లు తెర తెలిపినచో, మఱియొక అమరిక లోలోపల జరుగుచున్నదని యర్థము. ఆ లాక్ ఫైలును తొలగింపరాదు; ఓర్పుతో నుండవలయును. పని నడుమ విద్యుత్తు పోయినచో 'సూడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ' అను ఆజ్ఞ మిగిలిన అమరికను పూర్తి చేయుటకు ఏర్పడినది.

త్రోవ దోషమునకు డిస్కు కొన్నచో ధనము వ్యర్థము. డిస్కు దోషమునకు మిర్రరు మార్చినచో కాలము వ్యర్థము. తెరపై పంక్తిని చదివిన పిదపనే చేయి కదల్చుట మేలు.